81 నుంచి 92కి: దివిసీమ ఆడపిల్లలు, నిరుద్యోగ రేటు



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ టీచరుగారి గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పవలసిందంతా చెప్పారు. వారి శిష్యులు పోగుచేసిన నిధికి రెండు షరతులున్నాయి. వక్త ఏం మాట్లాడినా అందులో ఆడపిల్లల చదువు ప్రస్తావన ఉండాలి. ఆ మాట్లాడినది అచ్చు కావాలి. రెండోది నిర్వాహకుల బాధ్యత. మొదటిదానికి నేను ఎంచుకున్నది చదువు అయిపోయాక మొదలయ్యే సంగతి. చదువుకున్న ఆడపిల్లకు పని దొరకకపోవడాన్ని ప్రభుత్వం ఎలా లెక్కపెడుతుంది? ఆ లెక్క చూసి ఊరు బాగుందనో, బాగాలేదనో చెప్పవచ్చా?

ఈ విషయం ఎక్కడైనా మాట్లాడవచ్చు గాని, దివిసీమలోని ఈ అవనిగడ్డలో మాట్లాడితే మాటకు నేల దొరుకుతుంది. ఈ ఊరి పేరు వింటే పాత తరానికి 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గుర్తొస్తుంది. ముప్పై ఏళ్ల లోపు వాళ్లకు గుర్తొచ్చేది ప్రభుత్వ టీచరు పోస్టులకు జరిగే డీఎస్సీ పరీక్ష కోచింగ్. నోటిఫికేషన్ వస్తుందట అన్న వార్త పేపర్లో పడితే చాలు, శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి బకెట్టు, పరుపుచుట్ట, బిట్ల పుస్తకాల సంచీ పట్టుకుని పిల్లలు మన బస్టాండులో దిగుతారు. అందులో ఆడపిల్లలు తక్కువేం ఉండరు. వాళ్ల కోసం ఇళ్లు హాస్టళ్లయ్యాయి, వసారాలు మెస్సులయ్యాయి, ఖాళీ గదులు స్టడీ హాళ్లయ్యాయి. జిరాక్సు షాపువాడి దగ్గర్నుంచి టిఫిన్ బండి వరకు ఈ ఊళ్లో చాలామంది బతుకు ఉద్యోగం లేనివాళ్ల మీద నడుస్తోంది. ఈ మాట ఎగతాళికి అనడం లేదు. ఎదురుచూపు కూడా ఒక పరిశ్రమే, దానికి ఇది పేరున్న కేంద్రం.

అయితే హాస్టల్లో తెల్లవారుజామున ఐదింటికి లేచి సైకాలజీ బిట్లు చదివే ఆ అమ్మాయి ప్రభుత్వ లెక్కలో నిరుద్యోగా?

మన దేశంలో పని, నిరుద్యోగం లెక్కలు చెప్పేది జాతీయ గణాంక కార్యాలయం చేసే పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే, పీఎల్ఎఫ్ఎస్ అంటారు. 2017 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. అంతకుముందు ఐదేళ్లకోసారి పెద్ద సర్వే ఉండేది; మొదటిది 1972-73లో, చివరిది 2011-12లో. అంతకన్నా ముందు నుంచీ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ రిజిస్టర్లూ ఉన్నాయి. ఆ కార్డు రెన్యువల్ కోసం బందరు వెళ్లి క్యూలో నిలబడినవాళ్లు ఈ సభలో చాలామంది ఉంటారు. ఆ రిజిస్టర్లతో దేశంలో నిరుద్యోగం కొలవలేమనీ, రైతు కుటుంబాలున్న దేశంలో ఒకే ఒక్క అంకె సరిపోదనీ దంత్వాలా కమిటీ 1970లోనే చెప్పింది. ఏడాది మొత్తం చూసే లెక్క, వారం చూసే లెక్క, రోజు చూసే లెక్క వేరుగా ఉండాలంది. నేటికీ మనం నడిచేది ఆ దారిలోనే.

సర్వే ఇంటికొచ్చినప్పుడు ఇంట్లో ఒక్కొక్కరికి ఒక కోడు రాస్తారు. సొంత పని చేసుకునేవారికి 11. కుటుంబ పనిలో జీతం లేకుండా చెయ్యి వేసేవారికి 21. నెల జీతానికి 31. కూలికి 51. పని లేదు గాని చూస్తున్నారు, లేదా దొరికితే చేస్తారు అంటే 81. ఇదే నిరుద్యోగి కోడు. చదువుకుంటుంటే 91. ఇంటిపని మాత్రమే అయితే 92. ఇంటిపనితోపాటు కట్టెలు, పశువుల మేత తెచ్చుకోవడం, ఇంటివాళ్లకు బట్టలు కుట్టుకోవడం కూడా ఉంటే 93. వీటిలో 81 దాకా ఉన్నవాళ్లు శ్రామిక శక్తిలో లెక్క. 91 నుంచి మొదలయ్యేవాళ్లు దాని బయట. నిరుద్యోగ రేటు అంటే 81లో ఉన్నవారిని, పనిచేస్తున్నవారూ 81 వారూ కలిపిన మొత్తంతో భాగించగా వచ్చే శాతం. 92 వాళ్లు పైనా ఉండరు, కిందా ఉండరు.

ఇప్పుడు ఒక ఇంటి వసారాలో కూర్చుందాం. సర్వేకి వచ్చిన కుర్రాడు ట్యాబు తీసి అడుగుతాడు. తల్లి జవాబు చెబుతుంది.

“పెద్దమ్మాయి ఏం చేస్తోందమ్మా?”

“బీఈడీ అయింది బాబూ. కోచింగ్‌కి వెళ్తోంది.”

“ఉద్యోగం కోసం చూస్తున్నట్టే కదండీ?”

“చూడటమేంటి బాబూ, ఇంకా చదువుకుంటోంది. ఈ డీఎస్సీ కాకపోతే సంబంధాలు చూసేద్దామంటున్నారు వాళ్ల నాన్న.”

తల్లి అబద్ధం చెప్పలేదు. ఆమె దృష్టిలో పుస్తకం పట్టుకున్న పిల్ల చదువుకుంటున్నట్టే. కుర్రాడు తెలివైనవాడైతే ఇంకో రెండు ప్రశ్నలు వేసి, రేపు పిలిస్తే చేరుతుందా అని అడిగి, 81 రాస్తాడు. ఎండలో ఇంకా పది ఇళ్లు తిరగాల్సినవాడైతే 91 రాసి లేస్తాడు. ఏడాది పోయాక ఆ పిల్లకు పెళ్లవుతుంది. అత్తగారింట్లో ఇదే ప్రశ్నకు అత్తగారు జవాబిస్తారు. ఈసారి కోడు 92. బీఈడీ అదే, టెట్ మార్కులు అవే, అల్మరాలో మెథడాలజీ పుస్తకం కూడా అదే.

హాస్టల్ సంగతి ఇంకో చిత్రం. సర్వే నియమాల ప్రకారం హాస్టల్లో ఉండే ప్రతి మనిషీ ఒక కుటుంబం. గదిలో నలుగురుంటే నాలుగు కుటుంబాలు. కానీ ఆరు నెలలకు పైగా అక్కడ ఉంటేనో, ఉండాలనుకుంటేనో ఆ లెక్క వర్తిస్తుంది. మూడు నెలల బ్యాచికి వచ్చిన పిల్ల అవనిగడ్డలో లెక్కకు రాదు. పలాసలోనో, కదిరిలోనో ఆమె తల్లిదండ్రుల ఇంటికి సర్వే వెళితే అక్కడ పడుతుంది. అంటే ఈ వీధుల్లో మనకు కనిపించేవాళ్లలో చాలామంది గణాంకాల్లో ఈ జిల్లావాళ్లు కారు. అసలు మండలానికి విడిగా నిరుద్యోగ రేటు ఎవరూ ప్రకటించరు. 2025 జనవరిలో సర్వేను తిరగరాసి, శాంపిల్ తీయడానికి జిల్లాను ఆధారం చేశారు. సర్వే చేసే ఇళ్లను సుమారు లక్ష నుంచి రెండు లక్షల డెబ్భై వేలకు పెంచారు. నెలనెలా అంకెలు ఇస్తున్నారు. మంచి మార్పే. అయినా దివిసీమ దాకా ఆ అద్దం రాదు.

ఇక అంకెలు. 2017-18లో దేశంలో 15 నుంచి 29 ఏళ్ల వయసు స్త్రీలలో నిరుద్యోగ రేటు పట్టణాల్లో 27.2 శాతం, గ్రామాల్లో 13.6 శాతం. 2023-24 నాటికి గ్రామాలు, పట్టణాలు కలిపి ఆ వయసు స్త్రీలలో 11 శాతం, పురుషుల్లో 9.8. 2025 ఏప్రిల్ నెలకు ఇచ్చిన లెక్క వారం ప్రాతిపదిక మీద చేసింది. అందులో పట్టణ యువతులకు 23.7, గ్రామాల యువతులకు 10.7. ఏడాది లెక్కనూ వారం లెక్కనూ పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనకూడదు. టీవీ చర్చల్లో రోజూ ఆ పనే జరుగుతుందనుకోండి.

గ్రామాల్లో యువతుల నిరుద్యోగం పట్టణాల్లో సగం కూడా లేదు. అంటే పల్లెలో అమ్మాయిలకు పని బాగా దొరుకుతోందనా? నాగాయలంకలో పుట్టినవాళ్లెవరూ ఈ మాట ఒప్పుకోరు. ఇంకో జత చూడండి. 2023-24లో కేరళలో యువతుల నిరుద్యోగం 47.1 శాతం. అదే ఏడాది మధ్యప్రదేశ్‌లో ఆడా మగా కలిపి యువతలో 3 శాతం కూడా లేదు. మీ అమ్మాయి ఏ రాష్ట్రంలో పుట్టి ఉంటే బాగుండేదని అడిగితే ఈ సభలో ఎంతమంది మధ్యప్రదేశ్ అని చెయ్యెత్తుతారు? చదువుల వారీగా చూసినా అంతే. అక్షరం రానివారిలో నిరుద్యోగం దాదాపు శూన్యం. చదువు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. కూడు లేనివాడికి నిరుద్యోగిగా ఉండే వెసులుబాటు లేదు. ఏదో ఒక పని చేయాలి, చేస్తే సర్వేలో ఉద్యోగి అవుతాడు.

ఈ అంకె ఎలా కదులుతుందో చూపడానికి ఊహలో ఒక ఊరు కడతాను. అందులో 100 మంది యువతులు. 24 మంది పనిచేస్తున్నారు, ఆరుగురు పని వెతుకుతున్నారు, మిగతావాళ్లు చదువులో, ఇంటిపనిలో ఉన్నారు. శ్రామిక శక్తి 30, అందులో ఆరుగురు నిరుద్యోగులు; రేటు 20 శాతం. మాఘమాసంలో ముహూర్తాలొచ్చాయి. ఆరుగురిలో ముగ్గురికి పెళ్లిళ్లయ్యాయి, 92లోకి వెళ్లారు. ఇప్పుడు 27 మందిలో ముగ్గురు. రేటు 11 శాతం. ఊళ్లో ఒక్క ఉద్యోగం పుట్టలేదు. నిరుద్యోగం మాత్రం దాదాపు సగమైంది. ఈ దేశంలో యువతుల నిరుద్యోగాన్ని తగ్గించడంలో పెళ్లిని మించిన పథకం లేదు.

మళ్లీ మొదటి ఊరికే వద్దాం. ఇంటిపని అని రాసిన తొమ్మిది మంది నాన్న కొట్లోనో, అన్న రొయ్యల చెరువు దగ్గరో చెయ్యి వేస్తున్నారని ఈసారి సర్వే వివరంగా అడిగి 21 రాసిందనుకోండి. శ్రామిక శక్తి 39, నిరుద్యోగులు అదే ఆరుగురు. రేటు 15 శాతానికి దిగింది. ఎవరికీ పైసా జీతం పెరగలేదు. ఇంకోసారి మొదటికి వద్దాం. 2025 ఆగస్టు 15న ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. చార్జీ బెంగ పోయి, బందరు వెళ్లి పని చేస్తామని ఇంకో ఆరుగురు ముందుకొచ్చారనుకోండి. 36 మందిలో 12 మంది పని వెతుకుతున్నారు. రేటు 33 శాతం. జరిగింది మేలు. పేపర్లో హెడ్డింగు మాత్రం ‘యువతుల్లో పెరిగిన నిరుద్యోగం’.

చివరిది అవనిగడ్డ ప్రత్యేకం. పనిచేస్తున్న 24 మందిలో నలుగురు ప్రైవేటు స్కూలు టీచర్లు. నోటిఫికేషన్ రాగానే ఉద్యోగం మానేసి కోచింగ్‌లో చేరారు. 20 మంది పనిలో, పదిమంది వెతుకులాటలో. మళ్లీ 33. ప్రభుత్వం ఉద్యోగాలు ఇస్తానని ప్రకటించిన నెలలోనే నిరుద్యోగం పెరిగింది! రాజకీయ నాయకులు దీన్ని అర్థం చేసుకోకపోతే పోనీ. ఆర్థికశాస్త్రం చదువుకున్నవాళ్లు కూడా ఒక్కోసారి మర్చిపోతారు.

ఇది మరీ కొత్త విషయమేమీ కాదు. మార్క్ బ్లాగ్, రిచర్డ్ లేయార్డ్, మోరీన్ వుడ్‌హాల్ అనే ముగ్గురు 1969లోనే భారతదేశంలో పట్టభద్రుల నిరుద్యోగం మీద ఒక పుస్తకం రాశారు. మరుసటి ఏడు హారిస్, టొడారో అనే ఇద్దరు, పట్నంలో పని లేదని తెలిసీ పల్లె జనం పట్నానికి ఎందుకు వెళతారో వివరించారు. వాళ్ల వాదన సారాంశం ఏమిటంటే, దొరికితే దక్కేది చాలా ఎక్కువైనప్పుడు దొరికే అవకాశం తక్కువైనా జనం క్యూలో నిలబడతారు. దివిసీమకు ఇది సరిగ్గా అతుకుతుంది. ప్రైవేటు స్కూల్లో ఇచ్చే జీతానికీ, ప్రభుత్వ బడిలో ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచరు, జీతానికీ మధ్య ఉన్న దూరమే ఈ హాస్టళ్లను నింపుతోంది. ఆడపిల్ల విషయంలో ఇంకొకటి కూడా కలుస్తుంది. టీచరుద్యోగం అంటే అత్తవారు ఒప్పుకునే ఉద్యోగం, సాయంత్రానికి ఇంటికి చేరే ఉద్యోగం. అది చేతికొస్తే పెళ్లిలో ఆమె మాటకు విలువ పెరుగుతుంది. అందుకే ఆ ఒక్క తలుపు ముందే అందరూ నిలబడుతున్నారు.

ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో చూడండి. 2018 అక్టోబరులో 7,902 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. తర్వాత ఏళ్ల తరబడి పెద్ద నియామకం లేదు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన ప్రకటన ఎన్నికల తర్వాత రద్దయింది. 2025 ఏప్రిల్ 20న మెగా డీఎస్సీ వచ్చింది, 16,347 పోస్టులు. దరఖాస్తు చేసినవాళ్లు 3,36,307 మంది. ఒక్కో పోస్టుకు ఇరవై మంది. జూన్ 6 నుంచి జూలై 2 వరకు పరీక్షలు. చివరికి 15,941 మంది ఎంపికయ్యారు, వాళ్లలో దాదాపు సగం మంది స్త్రీలు. సెప్టెంబరు 25న వెలగపూడిలో నియామక పత్రాలిచ్చారు. ఆ రోజు ఈ ఊళ్లో స్వీట్లు పంచిన హాస్టళ్లున్నాయి. ఖాళీ అయిన హాస్టళ్లూ ఉన్నాయి. మిగిలిన మూడు లక్షల ఇరవై వేల మంది ఎక్కడికి వెళ్లారో ఏ పత్రికా రాయలేదు.

2018లో 22 ఏళ్లకు బీఈడీ పూర్తి చేసిన అమ్మాయికి 2025లో 29. ఇంకో పుట్టినరోజు దాటితే ఆమె ‘యువత’ కాదు. మన సర్వేలో యువత అంటే 15 నుంచి 29. ఐక్యరాజ్యసమితి లెక్కలో ఇంకా తక్కువ, 24తో సరి. మెగా డీఎస్సీలో మాత్రం వయోపరిమితి 44 ఏళ్లు. అంటే యువతుల నిరుద్యోగ రేటు నుంచి ఆమె 30వ ఏట బయటపడుతుంది, స్టడీ హాలు నుంచి బయటపడదు. వయసు మీదపడటం వల్ల కూడా ఈ సూచిక తగ్గుతుందన్నమాట. 1998 డీఎస్సీ అభ్యర్థులు ఎంతకాలం ఎదురుచూశారో మీకు తెలుసు. పాతికేళ్ల తర్వాత, 2023లో, కాంట్రాక్టు పద్ధతిలో వాళ్లకు పోస్టులిచ్చారు. కొందరు యాభై దాటి చేరారు. ఆ పాతికేళ్లలో వాళ్లు ఏ సర్వేలో ఏ కోడులో ఉన్నారో ఎవరైనా తవ్వితే ఒక పీహెచ్‌డీ అవుతుంది.

క్యూ పొడవు పెంచింది ఖాళీల కరువొక్కటే కాదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, ప్రాథమిక తరగతులు చెప్పడానికి బీఈడీ అర్హత కాదంది. పిల్లల చదువు దృష్ట్యా అది సబబైన తీర్పే అని నా అభిప్రాయం. కానీ మెగా డీఎస్సీలో ఉన్న ఎస్జీటీ పోస్టులు బీఈడీ చేసిన అమ్మాయిలకు ఒక్క వాక్యంతో మూసుకుపోయాయి. మిగిలింది స్కూల్ అసిస్టెంటు, గురుకులాల పోస్టులు. ఆ డిగ్రీకి ఫీజు కట్టిన తండ్రికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఇంతసేపూ చదువుకున్నవాళ్ల గురించే మాట్లాడాను. ఈ సీమలో ఎక్కువమంది యువతులు కోచింగ్ మెట్లు ఎక్కనివాళ్లు. వాళ్ల సంగతి చూస్తే సూచిక ఇంకా బోల్తా కొడుతుంది. సార్వా ఊడ్పులకు ఆడవాళ్ల ముఠాలు ఎకరానికి ఇంత అని గుత్తకు దిగేవి. ఇప్పుడు చాలా పొలాల్లో విత్తనాలు వెదజల్లుతున్నారు. కోత మిషను వచ్చాక కోత, కుప్ప, నూర్పు మూడూ ఒక్క పూటలో తేలిపోతున్నాయి. చెరువులుగా మారిన పొలంలో ఊడ్పే లేదు. సర్వేలో ఒక నిబంధన ఉంది. ఇంటిపనే ప్రధానమైనా ఏడాదిలో 30 రోజులైనా పనికి వెళ్లిన స్త్రీని అనుబంధ స్థితి కింద శ్రామికురాలిగా లెక్కిస్తారు. ఊడ్పులకు పద్దెనిమిది రోజులు, కలుపుకు పది, మినుము పీకడానికి వారం వెళ్లిన మనిషి ఆ గీత దాటుతుంది. ఊడ్పుల పద్దెనిమిదీ పోతే దాటదు. అప్పుడు ఆమె ఒక్క రాత్రిలో శ్రామికురాలి నుంచి గృహిణి అవుతుంది. పని పోయింది, కానీ నిరుద్యోగి కాలేదు. నిరుద్యోగుల సంఖ్యలో చీమంత కదలిక కూడా ఉండదు.

రొయ్యల తలలు తీసి, పెంకు వలిచే షెడ్లదీ ఇదే కథ. అక్కడ కూలి కిలో లెక్కన. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు చెరువు రైతు గోల పెట్టాడు, ఎగుమతిదారు ఢిల్లీ వెళ్లాడు, పత్రికలు రాశాయి. షెడ్డుకు రోజూ వచ్చే ఆటో ఆగిపోతే అందులో వచ్చే అమ్మాయి ఏం చేస్తుంది? ఇంట్లో కూర్చుంటుంది. సర్వే కుర్రాడు అడిగితే వాళ్ల అమ్మ, ఇంట్లోనే ఉంటోంది బాబూ అంటుంది. మళ్లీ 92. బందరు చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ పనిలో తిరకాసు రెండోవైపు నుంచి. పని ఇంటికే వస్తుంది గనుక, వంట మధ్యలో చేసేది గనుక, ఇంటివాళ్లు దాన్ని పనే అనుకోరు. సర్వే నియమాల ప్రకారం ఆమె నికార్సైన శ్రామికురాలు. వసారాలో చెప్పే జవాబులో ఖాళీగా ఉన్న మనిషి.

దేశవ్యాప్తంగా 2017-18లో 23.3 శాతం ఉన్న స్త్రీల శ్రామిక భాగస్వామ్యం 2023-24లో 41.7 శాతానికి ఎగబాకిందని విన్నప్పుడు నేను సంబరపడనూ లేదు, కొట్టిపారేయనూ లేదు. ఈ కాలంలోనే పనిచేసే స్త్రీలలో స్వయం ఉపాధి అని రాయించుకున్నవారు 51.9 శాతం నుంచి 67.4 శాతానికి పెరిగారు. మొత్తం శ్రామిక స్త్రీలలో మూడో వంతుకు పైగా జీతంలేని కుటుంబ సహాయకులు, మన 21 కోడువాళ్లు. ఇంతకుముందు కనిపించని పని కనిపిస్తోందంటే మంచిదే. కానీ రేటు తగ్గడంలో కొంత వాటా ఆ కనిపించడానిదే. ఆడవాళ్ల పని గురించి పరిశోధించి 2023లో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్, దేశం ఎదిగే దశలో స్త్రీలు ముందు పొలం నుంచి వెనక్కి తగ్గి, చదువు పెరిగాక ఆఫీసుల్లోకి వస్తారని చెప్పారు. మన దగ్గర వెనక్కి తగ్గడం చూశాం. ఆఫీసుకు వెళ్లే దారి మధ్యలో అవనిగడ్డ స్టడీ హాలు తగిలింది.

ఇంటిపని గురించి ఒక్క మాట. 2024లో ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వేలో, ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఆ పనులు చేసే మగవాళ్లు పెట్టేది 88. కోచింగ్ చేరిన పెళ్లైన అమ్మాయి హాస్టల్లో ఎందుకు ఉంటుందో ఈ అంకె చెబుతుంది. ఆమె గదికి అద్దె కడుతున్నది ఆ 289 నిమిషాల నుంచి తప్పించుకోవడానికే. బిడ్డను పుట్టింట్లో వదిలి వచ్చినవాళ్లు ఈ హాస్టళ్లలో ఉంటారు. ఫోన్లో వీడియో కాల్ పెట్టుకుని అన్నం తినిపించినట్టు చేసి, మళ్లీ పర్‌స్పెక్టివ్స్ పుస్తకం తెరుస్తారు.

మరి ఈ సూచికను పారేద్దామా? వద్దు. జ్వరం కొలిచే థర్మామీటరు రోగం పేరు చెప్పదని దాన్ని విసిరేయం. యువతుల నిరుద్యోగ రేటు ఒక సంగతి చాలా నిజాయితీగా చెబుతుంది: ఎంతమంది ఆడపిల్లలు ‘నాకు పని కావాలి’ అని పైకి చెప్పగలుగుతున్నారో, అలా చెప్పి ఇంట్లో నిలబడగలుగుతున్నారో. కేరళ 47 శాతంలో ఆ గొంతు ఉంది. కాబట్టి రేటు పెరిగిందని బెంబేలెత్తిపోవడం కంటే, తగ్గినప్పుడు అనుమానించడం నాకు నచ్చుతుంది. తగ్గితే అడగాల్సింది ఒకటే. 81లో ఉన్నవాళ్లు ఎటు వెళ్లారు? 31కి వెళ్లారా, 21కి వెళ్లారా, 92కి వెళ్లారా?

ఈ ప్రశ్నకు జవాబిచ్చే ఏర్పాటు సర్వేలోనే ఉంది. ఇప్పుడు ఒక ఇంటికి వరుసగా నాలుగు నెలలు వెళుతున్నారు. అదే అమ్మాయి జనవరిలో ఏ కోడులో ఉంది, ఏప్రిల్‌లో ఏ కోడులో ఉంది అన్నది వాళ్ల దగ్గర నమోదై ఉంటుంది. నెలనెలా విడుదల చేసే ప్రకటనలో పై అంకె ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేసి, ఈ రాకపోకలను లోపల పెట్టకుండా, యువతుల వరకైనా 81 నుంచి ఎటు కదిలారో ఒక చిన్న పట్టికగా వేస్తే చాలు. కొత్తగా ఖర్చు లేదు. చదువూ లేదు, పనీ లేదు, శిక్షణా లేదు అనే యువత వాటా ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల సూచికల్లో ఎలాగూ ఉంది. దాన్ని నిరుద్యోగ రేటు పక్కనే అచ్చువేయడం రెండో పని. ఈ రెండు అంకెలూ ఒకేసారి తగ్గితే అప్పుడు స్వీట్లు పంచుకోవచ్చు.

ఢిల్లీ చేసే దాకా ఆగనక్కర్లేదు. మండలి వెంకటకృష్ణారావుగారి వంటి విద్యామంత్రిని ఇచ్చిన ఊరిది. 1975లో ప్రపంచ తెలుగు మహాసభలు పెట్టిన మనిషి ఇక్కడివాడు. ఆపాటి పని చేతకాకపోదు. డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు పాతికమందిని తీసుకుని, వచ్చే డీఎస్సీ ఫలితాలు వచ్చిన వారం ఆడపిల్లల హాస్టళ్లకు పంపండి. ఖాళీ చేసి వెళ్లేవాళ్లను గేటు దగ్గరే అడగాలి, తల్లినో అత్తనో కాదు, ఆ అమ్మాయినే. ప్రశ్నలు నాలుగు చాలు. ఇక్కడికి రాకముందు ఏం చేసేదానివి? ఈ కోచింగ్‌కి డబ్బు ఎవరు పెట్టారు? ఇక్కడి నుంచి ఎక్కడికి వెళుతున్నావు? వచ్చే డీఎస్సీకి మళ్లీ వస్తావా? ఆరు నెలల తర్వాత అదే నంబరుకు ఫోన్ చేసి ఇప్పుడేం చేస్తున్నావని కనుక్కోవాలి. పేర్లు రాయనక్కర్లేదు, వరుస నంబరు చాలు. నాలుగో ప్రశ్నకు మాత్రం కాగితం మీద అవును, కాదు అని రెండు గడులే పెట్టకండి. మూడోది కూడా గీయండి: ‘ఇంట్లో అడగాలి.’